చుక్కాని నొప్పి

కుడి మడమలో నొప్పి మొదలవగానే నాకు అర్థమైపోయింది, చుక్కాని విరగబోతోందని.

మడమ తడిమి చూసుకున్నాను. వాపు లేదు, గీత లేదు. నొప్పి నాది కాదు, పడవది. అల వచ్చినప్పుడల్లా చుక్కాని మెలి తిరుగుతోంది, ఆ మెలి నా మడమలో పొడుస్తోంది. కిందకి దిగి టార్చి వేసి చూస్తే చుక్కాని ఇరుసు మీద వెంట్రుకంత పగులు కనిపించింది. పడవలో ఉన్న తెర మీద మాత్రం అంతా సవ్యంగానే ఉందని పచ్చదీపం వెలుగుతోంది. దాన్ని చూస్తే ఒళ్ళు మండి తువ్వాలు కప్పేశాను.

విశాఖపట్నం వెనకపడి చాలా రోజులైంది. మారిషస్ ఇంకా దూరం. మధ్యలో హిందూ మహాసముద్రం, ఒక తెరచాప పడవ, అందులో నేనొక్కదాన్ని. నా పేరు నూకరత్నం. పుట్టింది విశాఖ జాలారిపేటలో, చదివింది ఇంజనీరింగ్. ఉద్యోగం సముద్ర పరిశోధనశాలలో. అక్కడ హైమవతి మేడం కనిపెట్టిన నరాల చొక్కాకి పోగులు అమర్చేది నేనే. ఇప్పుడు ఆ చొక్కా నా ఒంటి మీదే ఉంది.

సముద్రం మీద చిన్న పడవలో ఏదో ఒకటి పాడవుతూనే ఉంటుంది. తమాషా ఏమిటంటే, ఏది పాడైందో చెప్పాల్సిన తెరలూ దీపాలే ఉప్పుగాలికి అన్నిటికంటే ముందు చస్తాయి. అందుకని మేడం, పడవ తన బాధని నేరుగా మనిషికే చెప్పుకునే ఏర్పాటు చేశారు. పడవలో ప్రతి ముఖ్యమైన భాగం నుంచీ గాలం తాడంత సన్నని పోగులు బయల్దేరి, అన్నీ కలిసి ఒక పొడుగాటి తాడై నా నడుము దగ్గర చొక్కాలోకి వస్తాయి. మొదట్లో చక్కిలిగింతలే. కొన్నాళ్ళకి ఒళ్ళు పడవని తనలో కలిపేసుకుంటుంది. తెరచాప నిండితే నా రొమ్ము నిండుతుంది. తెరచాప కొయ్యని పట్టి ఉంచే తాళ్ళు నా రెండు చేతులు. చుక్కాని నా కుడికాలు.

ఈ ప్రయాణంలో అలా చాలానే పట్టుకున్నాను. ముందు పడవని దారిలో నడిపే ఆటోపైలట్ పోయింది. మెడ పట్టేసినట్టయితే విప్పి చూశాను, లోపల ఉప్పు పేరుకుపోయి ఉంది. అది ఇక లేవదని తేలాక చుక్కాని పిడిని తాళ్ళతో బిగించి, తెరచాపని సర్దుకుంటూ నడిపాను. తర్వాత ఉప్పునీటిని మంచినీళ్ళు చేసే యంత్రం. ఎన్ని నీళ్ళు తాగినా గొంతెండుతుంటే దాని మీద అనుమానమొచ్చింది. రబ్బరు వాషరు చిరిగింది. నా హవాయి చెప్పుల్లో ఒకటి కోసి కొత్త వాషరు చేశాను. సోలార్ పలక బిగింపు ఊడితే అన్నం కంచానికి బెజ్జాలు కొట్టి పలకకి దన్నుగా పెట్టాను. అప్పట్నుంచీ గిన్నెలోనే తింటున్నాను, ఒంటి చెప్పుతో.

చుక్కాని మాత్రం చెప్పుతోనూ కంచంతోనూ బాగుపడేది కాదు. అది పోతే పడవ అలలకి అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవ ఎంతోసేపు నిలవదు. పడవ పోతే నేను ఏమవుతానో మా ఇంట్లోనే ఒక నమూనా ఉంది.

ఆ నమూనా మా ఆయన ఎల్లాజీ. మా శాలలో పడవలు నడిపే ఉద్యోగం ఆయనది. చొక్కా వేసుకుని మొదటి పడవని సముద్రంలోకి తీసుకెళ్ళింది ఆయనే. ఆ పడవని ఎంత ముద్దు చేసేవాడంటే నేను దాన్ని సవతి అనేదాన్ని. అండమాన్ దారిలో తుఫాను తగిలి సవతి తెరచాప కొయ్య విరిగింది. విరిగిన కొయ్య నీళ్ళలో పడి, తాళ్ళతో పాటు పడవని పక్కకి లాగేస్తోంది. ఆయన కత్తి తీసి కుడివైపు తాళ్ళన్నీ కోసేశాడు. వాటిని పెనవేసుకున్న పోగులు కూడా తెగాయి. పడవ బతికింది, ఆయనా బతికాడు. మిగతా పోగులని రేవులో మందులిస్తూ నెమ్మదిగా వదిలించారు. కుడిచెయ్యి మాత్రం మళ్ళీ రాలేదు.

చెయ్యి వెచ్చగానే ఉంటుంది, సూది గుచ్చితే రక్తం వస్తుంది. ఆయనకి మాత్రం అక్కడ చెయ్యి ఉన్నట్టే తెలియదు. టీ గ్లాసు ఆ చేతిలో పెడితే జారి పడుతుంది. చొక్కా గుండీలు నేను పెట్టాలి. అన్నిటికంటే కష్టం అన్నం దగ్గర. ఎడంచేత్తో తినాల్సి వస్తుందని పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాడు. అలాంటి భోజనప్రియుణ్ణి మీరు చూసి ఉండరు. బంతిలో కూర్చుంటే చేపల పులుసు మూడోసారి అడిగేవాడు. ఇప్పుడు ఇంట్లో కూడా గోడవైపు తిరిగి తింటాడు.

"ఈ సెయ్యి మీ లేబరేటరీకి దానమిచ్చీసాను లేయే" అని నవ్వుతాడు. ఆ నవ్వంటే నాకు చిరాకు.

డాక్టర్లు నరాలన్నీ పరీక్షించి, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. శాల కమిటీ, ఈ పరిశోధన మూసేసి రెండో పడవని విప్పి పారెయ్యమంది. నాకు ఒళ్ళు మండింది. చెయ్యి తీసుకున్నవాళ్ళు అది ఎలా తిరిగొస్తుందో తెలుసుకోకుండానే తలుపులు మూసుకుంటారా? ఒడ్డున కూర్చుని ఏడాదైనా ఏమీ తెలియలేదు. పోగుల్లో ఉన్న మనిషికే అది తెలియాలి. ఆ మనిషిని నేనవుతానన్నాను. హైమవతి మేడం కమిటీతో పోట్లాడి చివరి పరీక్ష ప్రయాణం పేరుతో అనుమతి తెచ్చారు. సవతి చెల్లెలు అని పేరు పెట్టుకుని ఈ పడవని నేనే తీసుకుని బయల్దేరాను.

ఇప్పుడు సవతి చెల్లెలు కుంటుతోంది, దానితో నేనూ.

పగులు సంగతి శాటిలైట్ ఫోనులో చెప్పగానే మేడం దగ్గర్లో ఉన్న సరుకుల ఓడకి కబురు పెట్టించారు. ఓడ రావడానికి రాత్రంతా పట్టింది. తెల్లారేసరికి గోడలా పక్కన నిలబడింది. కెప్టెన్ రేడియోలో హిందీలో మర్యాదగానే మాట్లాడాడు. తాళ్ళ నిచ్చెన దించుతున్నాం, ఎక్కెయ్యండి, పడవని మాత్రం లాక్కెళ్ళలేం అన్నాడు. ఇంతలో ఫోను మోగింది.

"రత్నం, నిచ్చెన ఎక్కెయ్" అన్నారు మేడం.

"ఎక్కాలంటే చొక్కా పోగులు తెంపాలి మేడం. నెమ్మదిగా వదిలించాలంటే రోజులు పడుతుంది."

"ఓడలో డాక్టరున్నాడు. మత్తిచ్చి తెంపుతాడు. కాలు పోవచ్చు. నీకు అబద్ధం చెప్పను. కానీ నువ్వు మిగులుతావు."

"కుడివైపు పోగులు తెంపితే ఆయనకి చెయ్యి పోయింది. నావి అన్నీ తెంపుతామంటున్నారు. కాలొక్కటే పోతుందని మీకెలా తెలుసు?"

మేడం "తెలీదు" అన్నారు. ఆవిడలో నాకు నచ్చేది అదే, తెలియనిదాన్ని తెలుసునని చెప్పరు. "కానీ చుక్కాని ఊడితే పడవ పోతుంది. పడవతో నువ్వూ పోతావు. దయచేసి ఎక్కు తల్లీ."

ఫోను చేతులు మారిన చప్పుడైంది. తర్వాత ఎల్లాజీ గొంతు.

"ఒసే, ఒచ్చీయే. కాలు పోతే పోనీ. నాను సెయ్యి నేకుండా బతకట్నేదేటి?"

"గోడకేసి తిరిగి తింతన్నావు మావా. అదేం బతుకు?"

"నీకేటైనా అయితే ఆ తిండి కూడా దిగదే నాకు." ఫోనులో వెక్కిళ్ళు వినిపించాయి. ఆయన ఏడవడం నేనెప్పుడూ వినలేదు. వినడం ఇష్టం లేక మాట మార్చాను.

"మావా, ఒకటడుగుతాను. ఆ రోజు తాళ్ళెందుకు కోసీసావు? ముడి ఇప్పడానికి అదునుంది కదా?"

"వల రాయికి పట్టీసి పడవని కిందకి లాగేత్తంటే ఏటి సేత్తాం? తెంపీమా? సిన్నప్పట్నుంచీ సేసిందే సేసాను. సెయ్యి అలాగెళ్ళిపోయింది."

నిజమే. మా పేటలో ఎవరైనా అదే చేస్తారు. సముద్రం అడుగున రాయికి వల చిక్కుకుంటే ముందు చేసే పని కత్తి తియ్యడం. వల మళ్ళీ అల్లుకోవచ్చు. కానీ మా మామగారు వేటకి వెళ్ళింది తెప్ప మీద. నాలుగు దుంగలు పక్కపక్కన పెట్టి తాళ్ళతో కట్టినదే తెప్ప. వేట నుంచి రాగానే ఆయన చేసే మొదటి పని తెప్ప విప్పడం. దుంగలని ఇసకలో విడివిడిగా ఆరబెట్టి, మర్నాడు మళ్ళీ కట్టేవాడు. ఎంత ముడి బిగిసినా, ఎంత తొందరున్నా, తెప్పతాడు మీద కత్తి పెట్టడం నేను చూడలేదు. ఆ కట్లు నాకూ నేర్పాడు. ఎల్లాజీ ఆ రోజు తన చేతిని వల అనుకున్నాడు. అక్కడే పొరపాటు జరిగింది.

"ఇది వల కాదు మావా, తెప్ప" అన్నాను. "తెంపకూడదు, ఇప్పాలి."

"ఏటంతన్నావే?"

మేడంకి చెప్పాను. కొత్త చుక్కాని ఒకటి నేనే చేస్తాను. పాతదాని మీది పోగులు ఒక్కొక్కటే విప్పి కొత్తదానికి కడతాను. కాలు పోయిందన్న కబురు ఒంటికి అందకూడదు.

"ఎవరూ చేసి చూడలేదు రత్నం. విప్పిన పోగు కాసేపు ఖాళీగా ఉన్నా, ఆ మేరకి చచ్చుబడుతుంది."

"ఎవరూ చెయ్యలేదు కనకే నేనిక్కడున్నాను."

ఓడ కెప్టెన్ మళ్ళీ పిలిచాడు. ఎక్కనని చెప్పాను. ఆయన నమ్మలేదు. ఇంకోసారి అడిగి, మూడోసారి కోప్పడ్డాడు. మీ ఓడ ఆలస్యమవుతోంది, మీరు వెళ్ళండి, చాలా థాంక్స్ అన్నాను. నిచ్చెన పైకి లేచింది. ఓడ కదిలి, చిన్నదై, కనుమరుగయ్యేదాకా నేను దానివైపు చూడలేదు. చూస్తే భయమేస్తుందని తెలుసు.

పడుకునే బల్ల చెక్క ఊడదీశాను. చాపని తోసిపట్టే పొడుగాటి గెడకి దాన్ని అడ్డంగా బిగించి పెద్ద తెడ్డు చేశాను. తెప్పకి వెనక వేసే తెడ్డు మాదిరే. పడవ వెనక అంచుకి దాన్ని తెప్పకట్టుతో కట్టాను. తెడ్డు నీళ్ళలో పడి లాగడం మొదలెట్టాక పాత చుక్కాని మీద భారం కొంచెం తగ్గింది. మడమ నొప్పి కూడా.

మొదటి పోగు కుడికాలి చిటికెనవేలిది. బోర్లా పడుకుని, అంచు మీంచి కిందకి వేలాడి, దాని ముడి విప్పాను. అదే క్షణంలో పడవ ఊగింది, పోగు జారి నీళ్ళలో పడింది. మళ్ళీ దాన్ని పట్టుకుని తెడ్డుకి కట్టేసరికి ఆలస్యమైపోయింది. చిటికెనవేలు లేదు. కళ్ళెదుటే ఉంది, కానీ నాది కాదు. గిల్లాను, గిచ్చాను, కొరుక్కుందామంటే అందదు. మా ఆయన ఏడాదిగా దేనితో కాపురం చేస్తున్నాడో అప్పుడు తెలిసింది. భయమేసింది. ఆ భయం మీద నాకే కోపమొచ్చింది.

రెండో పోగుకి తెలివొచ్చింది. పోగుని కొంచెం వదులు చేసి ముందు తెడ్డుకి కట్టి, ఆ తర్వాతే చుక్కాని దగ్గర విప్పాను. ఆ వేలు కాసేపు రెండు చోట్లా ఉన్నట్టనిపించి తల తిరిగింది. తర్వాత తెడ్డు వైపుకి జరిగింది. చల్లగా, తడిగా, నీళ్ళు కోసుకుపోతున్న తెడ్డు అంచు నా వేలిలోకి వచ్చింది. గట్టిగా అరిచాను, వినేవాళ్ళెవరూ లేకపోయినా.

అలా పాదం, మడమ, పిక్క. ఒక్కో పోగు కట్టడం, ఒళ్ళు దాన్ని ఒప్పుకునేదాకా ఆగడం, విప్పడం. మధ్యలో చాప సర్దుకోవడం, గిన్నెలోంచి అటుకులు నమలడం. చివరి పోగు విప్పిన కాసేపటికి పెద్ద అల ఒకటి వచ్చి పాత చుక్కానిని పుటుక్కున విరిచేసింది. అది మునిగిపోవడం చూశాను. నాకు ఏ నొప్పీ తెలియలేదు. నా కాలు తెడ్డులో భద్రంగా ఉంది.

"పోవే పో" అన్నాను దానితో. ఒంటి చెప్పు కూడా దాని వెనకే విసిరేశాను.

తెడ్డుతో నడపడం నరకం. భుజాలు పడిపోయాయి, అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ బొబ్బలు నావే, పడవవి కావు. అయినా పడవ మొహం మారిషస్ వైపే ఉంచాను. చిటికెనవేలు మాత్రం చచ్చినట్టే ఉంది. దాని పోగు తెడ్డుకి కట్టే ఉంది కదా, ఉండనీ అని వదిలేశాను.

దూరాన కొండలు మసగ్గా కనిపించిన రోజున ఆ వేలు చురుక్కుమంది. ముందు చీమ కుట్టిందనుకున్నాను. సముద్రం నడుమ చీమలెక్కడివి? మళ్ళీ చురుక్కుమంది. తెడ్డు అలకి తగిలినప్పుడల్లా కుడుతోంది. చచ్చిన వేలు తిరిగొస్తోంది. ఫోను అందుకునేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

"మావా, నీ సెయ్యి సావలేదు. దానికి కబురందక అలాగుంది, అంతే."

రేవు చేరాక అక్కడే ఉండి, చొక్కా పోగులని పడవ నుంచి నా ఒంటికే మార్చుకున్నాను. తెడ్డు పోగు నా మడమకి, చాప పోగు నా రొమ్ముకి. ముందు కట్టడం, తర్వాత విప్పడం. మందులు వద్దన్నాను. అన్నీ వచ్చాక చొక్కా విడిచి, నా కాళ్ళ మీద నేను నడిచి విమానమెక్కాను. గెడ సగానికి కోసి తెడ్డుని కూడా తెచ్చాను. దాన్ని సామానుగా ఒప్పుకోం అన్నారు విమానంవాళ్ళు. వాళ్ళతో చాలాసేపు గొడవపడ్డాను. చివరికి వాళ్ళే అలిసిపోయారు.

కమిటీ అలిసిపోలేదు. నేను చెప్పినదంతా విని, ఆసక్తికరంగా ఉంది అన్నారు. మనిషి మీద ఇంకో ప్రయోగానికి అనుమతి లేదన్నారు. ఎల్లాజీ చొక్కాని బీరువాలో పెట్టి తాళం వేశారు.

మర్నాడు పొద్దున్నే హైమవతి మేడం జాలారిపేటలో మా ఇంటికి వచ్చారు. చేతిలో కూరల సంచి. సంచిలో ఎల్లాజీ చొక్కా.

"బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంటుందని మర్చిపోయినట్టున్నారు" అన్నారు. "నా ఉద్యోగం పోతే పోతుంది. ఈ చేతిని చూస్తూ నేను చేసే ఉద్యోగం ఏముంది?"

మా మామగారి తెప్ప దుంగలు ఇంటి వెనక గోడకి ఆనించి ఉన్నాయి. ఇప్పుడు అందరివీ ఫైబర్ పడవలే, తెప్ప ఎవరూ వెయ్యడం లేదు. ఎల్లాజీ, నేను, మేడం కలిసి దుంగలు ఇసకలోకి ఈడ్చి కట్టాం. ఆయన ఒంటిచేత్తో లాగుతూ మమ్మల్ని తిట్టాడు.

"ఆ ముడేటే? మా నాయినుంటే తన్నీవోడు."

"మీ నాయినే నేర్పాడు. నోరు మూసుకుని పట్టుకో."

చొక్కా తొడిగాం. తెగిన కుడివైపు పోగుల మొనలని మేడం శుభ్రం చేస్తే, నేను తెడ్డుకి కట్టాను. మేడం తెడ్డుని చూసి, మన దగ్గర మంచివి ఉన్నాయి కదా అన్నారు. "ఇది నాకు కాలైంది మేడం. ఈయనకి చెయ్యి అవుతుంది" అన్నాను.

ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడూ కాలేదు. రోజూ పొద్దున్నే ఆయన్ని తెప్ప మీద కూర్చోబెట్టి, నేను వెనక ఇంకో తెడ్డు పట్టి, ఆయన చేత ఎడంచేత్తో తెడ్డు వేయిస్తూ అలల మీద తిప్పాను. రాగానే తెప్ప విప్పి ఆరబెట్టడం, మళ్ళీ కట్టడం. పేటలో జనం నవ్వారు. కమిటీకి తెలిసింది. మా ముగ్గురికీ సంజాయిషీ నోటీసులొచ్చాయి. ఎల్లాజీకి విసుగొచ్చింది.

"సాల్లేయే. సెయ్యి నేకపోతే నువ్వొగ్గేత్తావా నన్ను?"

"ఒగ్గను. కానీ నువ్వు గోడకేసి తిరిగి తినడం నేను చూడను. తెడ్డెయ్."

ఆ పొద్దున గాలి గట్టిగా ఉంది. పెద్ద అలని అడ్డంగా కోస్తుంటే తెడ్డు విరుగుతుందేమో అన్నట్టు ఒంగింది. ఎల్లాజీ ఉలిక్కిపడ్డాడు. తన కుడిచేతి వైపు చూశాడు. ఆ చెయ్యి పొడిగా ఒళ్ళో పడి ఉంది.

"ఏటే ఇది" అన్నాడు. "తడిగుంది."

ఇంకో అల వచ్చింది. ఆయన మొహం ముడుచుకుపోయింది. పళ్ళు బిగించి, తెడ్డుని మోకాళ్ళ మధ్య ఇరికించి, ఎడంచేత్తో కుడిచెయ్యిని గుండెకి హత్తుకున్నాడు.

"ఒలే రత్నం, నొప్పెడతందే! సూదులెట్టి పొడిసేత్తన్నట్టుంది. ఆపే, తెప్ప తిప్పే!"

ఒడ్డున మేడం లేచి నిలబడ్డారు. నేను తెప్ప తిప్పలేదు. తరవాతి అల మీదకే తోశాను.

"నొప్పెట్టనీ మావా" అన్నాను. "బాగా నొప్పెట్టనీ."